కరువు సీమ నుంచి చూస్తే బలవంతపు వలస

స్మారకోపన్యాస పాఠం

శరణార్థుల మీద, బలవంతపు వలసల మీద జరిగే పరిశోధన విశ్వవిద్యాలయాల్లో వేరే శాఖగా నిలదొక్కుకుని నలభై ఏళ్ళు దాటింది. 1982లో బార్బరా హారెల్‌బాండ్ ఆక్స్‌ఫర్డ్‌లో శరణార్థి అధ్యయనాల కేంద్రానికి పునాది వేశారు. 1988లో ఈ విషయానికే అంకితమైన పరిశోధన పత్రిక, జర్నల్ ఆఫ్ రెఫ్యూజీ స్టడీస్, మొదలైంది. మన దేశంలో 1996 నుంచి కలకత్తా రీసెర్చ్ గ్రూప్ ఈ పని ఎత్తుకుంది. రణబీర్ సమద్దార్, ఆయన సహచరులు దేశవిభజన నాటి కాందిశీకులను, దక్షిణాసియా సరిహద్దుల్లో నలిగిన జనాన్ని తమ పరిశీలనలోకి తెచ్చారు. పుస్తకాలు వందల్లో వచ్చాయి గాని, ఈ శాఖ పుట్టినప్పుడు వేసుకున్న ప్రశ్న ఇంకా తెగలేదు: ఎవరు తమంతట తాము పోయారు, ఎవరిని తరిమారు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టూ ఉన్న మెట్ట ప్రాంతం ఆ ప్రశ్నను పరీక్షించి చూడటానికి తగిన చోటు. నూట యాభై ఏళ్ళకు పైగా ఈ పక్క జనం పోతూనే ఉన్నారు. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, ఫిజీకి ఓడలెక్కారు. కోలారు బంగారు గనుల్లోకి దిగారు. బెంగళూరు మేడలకు ఇటుకలు మోశారు. కువైట్‌లో అరబ్బుల ఇళ్ళు ఊడ్చారు. వీళ్ళను ఎవరూ తుపాకీ పెట్టి తరమలేదు, ఎవరికీ శరణార్థి అనే గుర్తింపు కాగితం లేదు. అయినా వీళ్ళలో ఎక్కువమంది ఇష్టపడి పోయారని రాయడానికి చేయి రాదు. అటు శరణార్థీ కాక, ఇటు స్వేచ్ఛగా కదిలిన మనిషీ కాక మిగిలిపోయిన వీళ్ళను ఏ అరలో పెట్టాలో తెలియక పరిశోధన చాలాకాలం పక్కకు తప్పుకుంది.

పరిశోధకుడికి మొదట ఎదురయ్యే చిక్కు కాగితాలది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు కింద ఉండేవి. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, మిగతా రెండూ అప్పటికి చిత్తూరులోనే ఉండిపోయాయి. కుప్పానికి ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. ఇక్కడి కూలీ పని కోసం ఒక వారం ఒక రాష్ట్రంలోకి, మరో వారం ఇంకో రాష్ట్రంలోకి పోయి వస్తాడు. జిల్లాల వారీగా, రాష్ట్రాల వారీగా వేసిన లెక్కల్లో అలాంటి మనిషి జాడ సులభంగా దొరకదు.

చట్టం గీసిన గీత

1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రకారం శరణార్థి అంటే జాతి, మతం, జాతీయత, ఏదైనా సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే అయిదు కారణాల్లో ఏదో ఒకదాని వల్ల పీడనకు గురవుతాననే సహేతుకమైన భయంతో సొంత దేశం దాటిన మనిషి. మొదట అది 1951కి ముందు జరిగిన సంఘటనలకే వర్తించేది, 1967 ప్రోటోకాల్ ఆ గడువును తీసేసింది. భారతదేశం ఈ రెంటి మీదా సంతకం చేయలేదు. సరిహద్దు దాటనివాళ్ళ సంగతి చాలాకాలం ఎవరికీ పెద్దగా పట్టలేదు. 1998లో ఐక్యరాజ్యసమితి ప్రతినిధి ఫ్రాన్సిస్ డెంగ్ ఆధ్వర్యంలో తయారైన మార్గదర్శక సూత్రాలు, యుద్ధం, హింస, ప్రకృతి విపత్తు, మనుషులు తెచ్చిపెట్టిన విపత్తుల వల్ల సొంత దేశంలోనే ఇల్లు వదిలినవాళ్ళను అంతర్గత నిర్వాసితులుగా గుర్తించాయి. వాటికి చట్టబలం లేదు, నైతిక బలమే ఉంది.

తెలుగు నేలలో ఈ నిర్వచనాలకు అచ్చంగా సరిపోయే సందర్భాలు లేకపోలేదు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి అడవులు దాటి ఖమ్మం వైపు వచ్చిన గుత్తికోయలు ఆ సూత్రాలు చెప్పే అంతర్గత నిర్వాసితులే. రాష్ట్రం మారగానే వాళ్ళ గిరిజన హోదా, అటవీ భూమి మీద హక్కు రెండూ ప్రశ్నార్థకమయ్యాయి. అంతకుముందు బర్మా ఉంది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడుల్లో ఎందరో చనిపోయారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు కొండలూ అడవులూ దాటి కాలినడకన అస్సాం చేరారు, దారిలో రాలిపోయినవాళ్ళకు లెక్క లేదు. బ్రిటిష్ చరిత్రకారుడు హ్యూ టింకర్ 1975లో దాని మీద రాసేదాకా ఆ నడక పరిశోధన ప్రపంచం దృష్టికి పెద్దగా రాలేదు. 1960లలో బర్మా సైనిక ప్రభుత్వం వ్యాపారాలన్నీ జాతీయం చేశాక మరో విడత జనం వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట పేరు వాళ్ళ గుర్తుగా మిగిలింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం చరిత్రకారుడు అడపా సత్యనారాయణ దక్షిణ భారత కూలీలు ఆగ్నేయాసియాకు పోయిన చరిత్రను పరిశోధించారు. అయితే అదంతా ప్రధానంగా కోస్తా జిల్లాల కథ. రాయలసీమ పడమటి కొసన ఉన్న ఈ మూడు ఊళ్ళ కథకు మొదలు తుపాకీలో లేదు, కరువులో ఉంది.

ధాత కరువు

1876లో, ధాత నామ సంవత్సరంలో, వానలు ఎగగొట్టాయి. 1878 దాకా సాగిన ఆ కరువు మద్రాసు రాజధాని, మైసూరు, హైదరాబాదు సంస్థానాలను తుడిచిపెట్టింది. 1871 జనాభా లెక్కల్లో కడప జిల్లా జనం సుమారు 13.5 లక్షలు. 1881లో సుమారు 11.2 లక్షలు. పదేళ్ళలో పెరగాల్సిన జనం పెరగకపోగా రెండు లక్షలకు పైగా తగ్గారు. ఈ అంకెను చదివేటప్పుడు చాలామంది ఒక విషయం మరచిపోతారు. తగ్గినవాళ్ళలో ఎందరు చచ్చిపోయారో, ఎందరు ఊరు వదిలారో జనాభా లెక్క చెప్పదు. పోతూ పోతూ దారిలో పోయినవాళ్ళు ఏ లెక్కలోకి వస్తారో అసలే చెప్పదు. పక్కనున్న మైసూరు సంస్థానంలో కోలారు వైపు పరిస్థితి ఇంతకన్నా అధ్వానం. అంటే మదనపల్లె, పుంగనూరు జనానికి పడమరకు పోయినా దిక్కు లేదు.

కరువు పనుల్లో కూలీకి ఎంత గింజ ఇవ్వాలనే దాని మీద అప్పట్లో పెద్ద వాదం జరిగింది. వైస్రాయి ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ మగవాడి రోజు కూలిని ఒక పౌను ధాన్యం, దానితో పాటు ఒక చిన్న నాణెం దాకా తగ్గించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని లెక్కలు వేసి ఎదిరించాడు. చివరికి కూలి పెంచక తప్పలేదు. బలవంతపు వలసలపై వైద్య దృష్టితో జరిగిన తొలి వాదాల్లో దీన్ని ఒకటిగా చూడాలి. పని దగ్గర తిండి చాలకపోతే మనిషి అక్కడి నుంచీ కదులుతాడు. కదిలే మనిషి బలం తగ్గేకొద్దీ వాడు చేరగలిగే దూరం తగ్గుతుంది. కార్నిష్ కాగితాల్లో ఉన్నది ఈ సంగతే.

ఆ అనుభవం నుంచి పుట్టినవి కరువు నియమావళులు. 1880 కరువు కమిషన్ నివేదిక తరువాత 1883లో నమూనా తయారై, ఒక్కో రాష్ట్రం తన నియమావళి రాసుకుంది. కరువు రాబోతోందని తెలిపే గుర్తులను వాటిలో చేర్చారు. అప్పు పుట్టకపోవడం, గింజల వ్యాపారంలో అసాధారణమైన హడావుడి, దొంగతనాలు పెరగడం, మేత వెతుక్కుంటూ మందలు మామూలు దారి తప్పి పోవడం, జనం దిక్కూ మొక్కూ లేకుండా తిరగడం. ఈ చివరి రెండూ వలసకు సంబంధించినవే. అంటే వలస కరువు ఫలితం అని తెలిసిన పాలకులు దాన్ని ఒక హెచ్చరికగా వాడుకున్నారు గాని, కదిలిన మనిషికి దాని వల్ల ఏ హక్కూ రాలేదు. సంచారం ఆపాలన్నదే వాళ్ళ తాపత్రయం. పుంగనూరు ఆవు సంగతి ఇక్కడ తలచుకోవాలి. ఎత్తు తక్కువ, తిండి తక్కువ, ఎండుగడ్డి మీద కూడా పాలిచ్చే జాతి అది. కరువు సీమకు సరిపోయిన ఆ పశువును సైతం ఒక ఇంటివాళ్ళు సంతకు తోలారంటే ఆ ఇంట్లో తరువాత కదిలేది మనుషులే. పశువుల సంత ధరలను వరసగా రాసి పెట్టుకున్న పరిశోధకుడికి బస్టాండులో జనాన్ని లెక్కపెట్టినవాడికన్నా ముందే కబురు తెలుస్తుంది.

ఓడల చిట్టాలు, గనుల వేలిముద్రలు

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మంది గిరిమిట్ (ఒప్పంద) కూలీలతో డర్బన్ చేరింది. 1911లో ఆ పద్ధతి ఆగేలోపు నేటాలుకు 1,52,184 మంది పోయారు. వాళ్ళలో మూడింట రెండు వంతులు మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళే. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి చిట్టాలో పేరు, తండ్రి పేరు, వయసు, ఆడ మగ, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు రాశారు. నుదుటి మీద మచ్చ, చెంప మీద పుట్టుమచ్చ, ఎడమ చేతి మీద పచ్చబొట్టు: తప్పిపోయినవాడిని మళ్ళీ పట్టుకోవడానికి రాసుకున్న గుర్తులవి. సురేంద్ర భానా 1860 నుంచి 1902 వరకు ఉన్న చిట్టాల్లోని 95,382 మంది వివరాలను కంప్యూటర్ కెక్కించి 1991లో పుస్తకం వేశారు. దక్షిణాది నుంచి పోయినవాళ్ళలో ఉత్తర ఆర్కాటువాళ్ళు ముందు వరుసలో ఉన్నారు. ఫిజీ సంగతీ అంతే. 1903 నుంచి మద్రాసు మీదుగా అక్కడికి పోయిన వాళ్ళకు ఉత్తర ఆర్కాటు పెద్ద పుట్టిల్లు.

ఇది బానిసత్వమా, కూలి ఒప్పందమా అన్న వాదం 1974లో హ్యూ టింకర్ దీన్ని కొత్త తరహా బానిసత్వం అన్నప్పటి నుంచీ నడుస్తోంది. ఫిజీ కూలీల కాగితాలు తిరగేసిన బ్రిజ్ లాల్, పోయినవాళ్ళంతా మోసపోయిన అమాయకులు కారని, ఊళ్ళో అప్పటికే కదలిక ఉందని చూపించారు. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ధాత కరువు నాటి పల్లెలో కూలీలను చేర్చుకునే ఏజంటు చెప్పిన మాట నమ్మడం తెలివితక్కువ కాదు, అప్పటికి చేతిలో ఉన్న దారుల్లో అదొకటి. దారి ఎంచుకున్నది మనిషే. ఎంచుకోవడానికి మిగిలినవి రెండో మూడో దారులు కావడం మాత్రం అతని చేతిలో లేదు.

ఈ వలసకు తోక చాలా పొడుగు. 1987లో ఫిజీలో సైనిక తిరుగుబాటు తరువాత భారత సంతతి జనం వేల సంఖ్యలో దేశం వదిలారు. 2000లో మరో తిరుగుబాటు జరిగినప్పుడు ఇళ్ళ మీద దాడులకు గురైన భారత సంతతి రైతులు లౌటొకా పట్టణంలో గిరిమిట్ సెంటర్‌లో తలదాచుకున్నారు. తాతముత్తాతల కూలి ఒప్పందం జ్ఞాపకంగా కట్టిన భవనం మనవలకు శరణార్థి శిబిరం అయింది. వలస ఒకసారి జరిగి ముగిసే సంఘటన అనుకునే పరిశోధన ఇలాంటి చోట దెబ్బ తింటుంది.

దూరం పోలేనివాళ్ళకు కోలారు దొరికింది. 1880ల నుంచి జాన్ టేలర్ కంపెనీ నడిపిన గనులకు కూలీలు ఎక్కువగా ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, సేలం వైపు నుంచే వచ్చారు. వాళ్ళలో దళితులు ఎక్కువ. కుప్పం నుంచి బంగారుపేటకు రైలు, అక్కడి నుంచి గనులకు ఇంకో రైలు. జానకి నాయర్ 1998లో వెలువరించిన పుస్తకం ఆ కార్మికుల చరిత్రకు ఇప్పటికీ ఆధారం. కూలీలను గుర్తించడానికి వేలిముద్రలు తప్పనిసరి చేయబోతే 1930లో గనులన్నీ సమ్మెతో స్తంభించాయి. అంటరానితనం నుంచి తప్పించుకుని గనికి వచ్చిన మనిషి తనను నేరస్థుడిలా నమోదు చేయడాన్ని ఒప్పుకోలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. కుప్పం దగ్గరి చిగురుగుంట గనిదీ అదే గతి. ఇళ్ళు ఉన్నాయి, పని పోయింది. ఏ నిర్వచనం చూసినా వీళ్ళు నిర్వాసితులు కారు, ఎందుకంటే వీళ్ళు ఇల్లు వదల్లేదు. తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి తిరిగి వస్తారు.

అడిగే ప్రశ్న మారిన చోటు: కువైట్

1970ల నుంచి కడప, రాయచోటి, రాజంపేట, మదనపల్లె ప్రాంతాల జనం కువైట్ బాట పట్టారు. మగవాళ్ళు డ్రైవర్లుగా, తోటపనివాళ్ళుగా పోతారు. ఆడవాళ్ళు ఎక్కువగా ఖద్దామా వీసా మీద ఇంటి పనికి పోతారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. లక్షా డెబ్భై వేల దాకా భారతీయులు చిక్కుకుపోయారు. బస్సుల్లో, లారీల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, ఎడారి శిబిరాల్లో పడిగాపులు పడ్డారు. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 488 విమానాలతో అమ్మాన్ నుంచి బొంబాయికి లక్షా పదకొండు వేల మందికి పైగా తెచ్చాయి.

వీళ్ళు శరణార్థులా? కాదు, సొంత దేశానికే వచ్చారు. అంతర్గత నిర్వాసితులా? కాదు, సరిహద్దు దాటారు. మామూలుగా తిరిగొచ్చిన వలస కూలీలా? అది అసలే కాదు. నికొలస్ వాన్ హియర్ 1998లో వేసిన పుస్తకంలో ఇలాంటి మూకుమ్మడి నిష్క్రమణలను, గల్ఫ్ సంక్షోభంలో కదిలిన సముదాయాలతో సహా, ఒకచోట చేర్చి చూశారు. పని కోసం పోయిన వలస ఒక్క వారంలో బలవంతపు వలసగా ఎలా మారుతుందో ఆయన విశ్లేషణ విప్పి చెప్పింది.

అయితే ఈ చిక్కుముడిని నిజంగా విప్పింది పరిశోధకులు కాదు, 1991లో భద్రతామండలి ఏర్పాటు చేసిన నష్టపరిహార కమిషన్. 1990 ఆగస్టు 2 నుంచి 1991 మార్చి 2 లోపు కువైట్ గాని ఇరాక్ గాని వదలవలసి వచ్చిన ఎవరైనా ఒక సాదా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. మరే ఇతర నష్టం కిందా అడగనంటే 4,000, 8,000. ఈ ఒక్క విభాగంలోనే తొమ్మిది లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. డబ్బు ఇరాక్ చమురు ఆదాయంలోంచి తీశారు. అన్ని విభాగాలూ కలిపి సుమారు 5,240 కోట్ల డాలర్లు చెల్లించి 2022లో కమిషన్ పని ముగించింది. నిన్ను ఎవరు పీడించారు, ఎందుకు భయపడ్డావు అని ఈ దరఖాస్తు అడగలేదు. ఆ తేదీకి అక్కడ ఉన్నావా, ఈ తేదీల మధ్య వదిలావా అన్నదే అడిగింది. మనసులోని భయాన్ని రుజువు చేసుకోవలసిన భారం మనిషి నెత్తి మీది నుంచి దిగిపోయింది. బలవంతపు వలస అధ్యయనాల్లో ఈ కమిషన్ పనికి దక్కాల్సినంత చోటు ఇంకా దక్కలేదు.

కువైట్ కథలో ఇంకో మలుపు ఆడవాళ్ళది. 1983 వలస చట్టం కింద, పదో తరగతి దాకా చదవని ఆడమనిషి గల్ఫ్‌లో ఇంటి పనికి పోవాలంటే ముప్పై ఏళ్ళు నిండాలి, ప్రభుత్వ అనుమతి ఉండాలి. 2016 నుంచి ఆ నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని ఓంకాప్ అనే సంస్థకు ఇచ్చారు. రక్షణ కోసం పెట్టిన నిబంధనలివి. తొందరలో ఉన్నవాళ్ళు విజిట్ వీసా మీద దొడ్డిదారిన పోవడానికీ ఇవే కారణమయ్యాయి. అక్కడ దిగగానే పాస్‌పోర్టు కఫీల్, అంటే యజమాని, చేతిలోకి పోతుంది. 2015లో కువైట్ ఇంటి పనివాళ్ళ కోసం చేసిన 68వ నంబరు చట్టం యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడాన్ని నిషేధించింది. చట్టం ఒక చోట, బీరువా తాళం ఇంకో చోట. ఆ ఇంట్లోంచి బయటపడితే పారిపోయిందని కేసు, అకామా (నివాస అనుమతి) రద్దు, ఆపైన ఊరికి రావాలన్నా రాలేని బతుకు. 2018లో, 2020లో, 2024లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అకామా లేనివాళ్ళు వేలాదిగా బయటికి వచ్చారు. 2020 ఏప్రిల్‌లో విమానాలు లేక శిబిరాల్లో వారాల తరబడి ఎదురుచూసినవాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో.

మదనపల్లెలో బస్సెక్కిన రోజున ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. మూడేళ్ళ తరువాత ఆమె తన ఇష్టంతో అక్కడ లేదు. బలవంతాన్ని బయలుదేరిన క్షణంలోనే వెతికే పరిశోధన ఈమెను చూడలేదు. ఎగాన్ కుంజ్ 1973లో శరణార్థి కదలికల మీద రాసిన వ్యాసంలో ముందే పసిగట్టి పోయేవాళ్ళను, ప్రాణాల మీదికి వచ్చాక పోయేవాళ్ళను వేరు చేశాడు. ఉపయోగపడే విభజనే. కానీ అది కూడా గడప దాటే వేళనే చూస్తుంది. ఉండిపోవడం ఎవరి చేతిలో ఉంది, తిరిగి రావడం ఎవరి చేతిలో ఉంది అన్న రెండు ప్రశ్నలు చేరిస్తే తప్ప ఆమె కథ పూర్తి కాదు.

కూలి వలసలు, కొలిచే పద్ధతులు

ప్రియా దేశింకర్, డేనియల్ స్టార్ట్ 2003లో ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్ పల్లెల్లోని సీజను వలసల మీద వేసిన అధ్యయనంలో చిత్తూరు జిల్లా పల్లెలూ ఉన్నాయి. బతుకు నెట్టుకురావడానికి పోయే వలస వేరు, నాలుగు రాళ్ళు వెనకేసుకోవడానికి పోయే వలస వేరని వాళ్ళు చూపించారు. ఈ సీమలో ఒకే ఇంట్లో రెండూ కనిపిస్తాయి. బోరు ఎండి అప్పు మిగిలిన ఏడాది అన్న బేల్దారు పనికి బెంగళూరు పోతాడు, అది నెట్టుకురావడమే. అక్కడ మేస్త్రీతో పరిచయం కుదిరాక తమ్ముడు పోతాడు, అది ఎదగడానికి. రెండు మూడు ఏళ్ళ తేడాలో వలస స్వభావమే మారిపోతుంది. ఒక్కసారి పోయి ప్రశ్నావళి నింపుకొచ్చే సర్వేకు ఇది దొరకదు.

ఓపికగా మళ్ళీ మళ్ళీ పోయి చూసే పద్ధతికి మదనపల్లెలోనే మంచి ఆనవాయితీ ఉంది. 1915లో మొదలైన ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం నుంచి డెన్మార్క్ వైద్యుడు యొహానెస్ ఫ్రిమొట్ మొల్లర్ బృందం 1950 నుంచి మదనపల్లె పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి క్షయ వ్యాప్తిని, బీసీజీ టీకా ప్రభావాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించింది. ఆ ఫలితాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చాయి. అలాంటి పనికి ఎవరు ఊళ్ళో ఉన్నారు, ఎవరు పోయారు, ఎవరు తిరిగొచ్చారు అన్నది తెలియకపోతే లెక్క నిలవదు. వలస మీద అలాంటి దీర్ఘకాలపు అధ్యయనం ఈ సీమకు కావాలి. భాష కూడా ముఖ్యమే. కుప్పం కూలీ ఇంట్లో ఒక భాష, రైల్లో ఇంకోటి, పని దగ్గర మూడోది మాట్లాడతాడు. 1997లో కుప్పంలో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయానికి ఈ పనికి కావలసిన భాషాబలం పునాదుల్లోనే ఉంది.

మనుషులను పరిశోధించేవాళ్ళకు ఒక బరువు తప్పదు. కేరెన్ జేకబ్‌సన్, లోరెన్ లాండావ్ 2003లో రాసినట్టు, ఈ రంగంలో పని విద్యాపరంగా నిలవాలి, బాధితులకు ఉపయోగపడాలి. రెండోదాని తొందరలో మొదటిది దెబ్బతింటుంది. ఆలివర్ బేక్‌వెల్ 2008లో ఇంకో అడుగు ముందుకేసి, విధానకర్తల గదుల్లో పుట్టిన వర్గీకరణలను పరిశోధకులు తమ మొదటి ప్రశ్నగా పెట్టుకోవద్దన్నాడు. ఢిల్లీలో బి.ఎస్. చిమ్ని 1998లోనే ఇంతకన్నా గట్టిగా చెప్పారు: ధనిక దేశాలు తమ తలుపులు మూసుకోవడానికి అనువుగా ఈ శాఖ ఆసక్తులు మారుతున్నాయని. ఈ సీమకు ఈ హెచ్చరికలు బాగా పనికొస్తాయి. అకామా లేకుండా ఉన్న ఆడమనిషి పేరు, ఊరు, ఆమె ఫోనులో పంపిన మాటలు అచ్చులో పెడితే అక్కడ ఆమెకు, ఇక్కడ ఆమె పిల్లలను సాకుతున్న అమ్మమ్మకు చిక్కు. ఏజంటు అదే ఊళ్ళో ఉంటాడు, చాలాసార్లు బంధువే అయి ఉంటాడు. ఊరి పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. మండలంలో అందరికీ తెలిసిపోయే వివరం ఏదైనా పక్కన పెట్టాల్సిందే.

నీళ్ళు రావడం, ఊళ్ళు మునగడం

శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీళ్ళను ఎత్తిపోసే హంద్రీ నీవా పథకం కాలువలు పుంగనూరు మీదుగా కుప్పం దాకా వచ్చాయి. కుప్పానికి ఆ నీళ్ళు చేరేసరికి 2020లు వచ్చాయి. ఈ సీమ వలసకు మూలం నీళ్ళ కరువే గనుక, ఈ కాలువ మీద ఆశ పెట్టుకోవడం న్యాయమే. ఆ ఆశకు ఇంకో పక్క ఉంది. ఆ నీళ్ళు నిలిచింది ఒకప్పటి ఊళ్ళ మీద. శ్రీశైలం జలాశయం నింపినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్ళు మునిగాయి. 1981లో చాలా చోట్ల జనం ఇంకా ఇళ్ళలో ఉండగానే ఇళ్ళు పడగొట్టారు. వాల్టర్ ఫెర్నాండెజ్ బృందం 2001లో వెలువరించిన అధ్యయనం, 1951 నుంచి 1995 వరకు ఆంధ్రప్రదేశ్‌లో ప్రాజెక్టులు, పరిశ్రమలు, ఇతర అవసరాల కోసం నిర్వాసితులైనవాళ్ళు, బతుకుతెరువు పోగొట్టుకున్నవాళ్ళు కలిపి సుమారు 32 లక్షలని లెక్కగట్టింది. మైకేల్ సెర్నియా 1990లలో నిర్వాసితులను వెంటాడే ఎనిమిది ముప్పులను వరసపెట్టాడు: భూమి పోవడం, పని పోవడం, ఇల్లు పోవడం, సమాజంలో అంచుకు నెట్టబడటం, తిండికి కటకట, రోగాలు, ఉమ్మడి వనరులు దక్కకపోవడం, ఇరుగుపొరుగు చెదిరిపోవడం. శ్రీశైలం నిర్వాసితుల మీద ఈ ఎనిమిదీ ఒకేసారి పడ్డాయి.

కుప్పం రైతుకూ, మునిగిన ఊరి రైతుకూ మధ్య ఒక కాలువ ఉంది. ఒక సీమ వలసను ఆపడానికి పోసే నీళ్ళ కింద ఇంకో సీమ నిర్వాసం ఉందంటే, కుప్పం రైతుకు నీళ్ళు వద్దనడం కాదు దాని అర్థం. ఈ రెంటినీ వేర్వేరు శాఖలు, వేర్వేరు పుస్తకాలు చదవడం వల్ల నష్టం జరుగుతోంది. కాలువ తవ్వకానికి పోయిన భూముల్లో కూలీ చేసినవాళ్ళకు, పట్టా లేక పరిహారం జాబితాకెక్కనివాళ్ళకు ఏమైంది అన్నది కూడా ఈ ప్రశ్నలో భాగమే. 2013 భూసేకరణ చట్టం అలాంటి కూలీ కుటుంబాలను ప్రభావిత కుటుంబాలుగా గుర్తిస్తుంది. అమలులో వాళ్ళు జాబితాలోకి వచ్చారో లేదో ఊరూరా తిరిగి చూడాల్సిన విషయం.

కాలువ నీరు చెరువులకు చేరిన ఊళ్ళు ఇప్పుడు కొన్ని ఉన్నాయి, ఇంకా చేరనివి వాటి పక్కనే ఉన్నాయి. నీళ్ళు వచ్చిన ఊళ్ళో బెంగళూరు రైలెక్కేవాళ్ళు తగ్గారా, కువైట్‌కు అప్పు చేసి పోయే ఆడవాళ్ళు తగ్గారా, లేక నీళ్ళతో పాటు కౌలు రేట్లు పెరిగి భూమి లేనివాళ్ళే ఎక్కువగా పోతున్నారా అన్నది పక్కపక్క ఊళ్ళను పోల్చి తేల్చవచ్చు. అన్ని చెరువులూ నిండిన తరువాత ఆ పోలిక దొరకదు. ఈలోగా ఇళ్ళ జాబితా, అప్పుల జాబితా, ఎవరెక్కడ ఉన్నారన్న జాబితా మూడు ఊళ్ళ చుట్టూ ఉన్న కొన్ని పల్లెల్లోనైనా రాసి పెట్టుకోవడం పరిశోధనకు మొదటి పని.